లుసీనా దీపం ఎందుకు పెట్టింది

మా లంకలో లుసీనా రాణి కోసం ఎవరూ ఏడవరు. ఏడ్చేదంతా ఆమెని చంపించిన రాజు కోసమే.

ఏటా ఈస్టర్ వెళ్ళిన వారం చర్చి ముందు ఇసుకలో బల్లలు పరిచి, వాటి మీద దబదబా తొక్కుతూ మావాళ్ళు ఆ చవిట్టు నాటకం ఆడతారు. ఫెర్దినార్ రాజు యుద్ధం నుంచి తిరిగొస్తాడు. తమరు లేనప్పుడు రాణి కిటికీలో దీపం వెలిగింది, ఆ వెలుగు చూసుకుని ఎవడో పరదేశి ఓడ ఆగింది అని మంత్రి చెవిలో ఊదుతాడు. రాజు ముందూ వెనకా చూడకుండా రాణిని తెడ్లు లేని పడవెక్కించి సముద్రంలోకి తోయిస్తాడు. తర్వాత మంత్రి అబద్ధం బయటపడుతుంది. అసలు నాటకం అప్పుడు మొదలవుతుంది. రాజు ముప్పావుగంట సేపు బల్లలు విరిగేలా తొక్కుతూ, కిరీటం తీసి విసిరికొట్టి ఏడుస్తాడు. ఆడవాళ్ళ కొంగులు తడుస్తాయి. మగవాళ్ళు జలుబు చేసినట్టు ముక్కులు చీదుతారు. రాణికి మొత్తం నాటకంలో ఉన్నవి నాలుగే చరణాలు. నాలుగోది "నా తప్పు మన్నించు నాథా" అని.

ఆ నాటకానికి ఆశాన్ మా అప్పచ్చన్. ఇంట్లో తండ్రి, బల్లల దగ్గర గురువు, రెండుచోట్లా ఒకటే గొంతు. ఎస్తప్పాన్ ఆశాన్ తాళం మోగిస్తే చేపలు కూడా వరసలో ఈదుతాయని మావాళ్ళు గొప్పలు పోయేవాళ్ళు.

తొంభై ఎనిమిది వేసవిలో ఒక మధ్యాహ్నం పడవలో శ్రీలేఖ చేచ్చి దిగింది. మావైపు అక్కని చేచ్చి అంటాం, అన్నని చేట్టన్ అంటాం. కత్తిరించిన జుట్టు, భుజానికి సంచి. ఎర్నాకుళం నుంచి వచ్చిన సినిమా దర్శకురాలినని చెప్పి మా అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఈ నాటకాన్ని సినిమాగా తీద్దామనుకుంటున్నాను ఆశానే. కాకపోతే రాజు వైపు నుంచి కాదు, లుసీనా వైపు నుంచి."

అప్పచ్చన్ నవ్వి, కూతుర్ని పిలిచినట్టు ఆమెని మోళే అన్నాడు. "రాణి వైపు నుంచి తీయడానికి ఏముంది మోళే? మూడో రంగంలో తెర వెనక్కి పోతుంది. మళ్ళీ పదకొండో రంగంలో పడవెక్కడానికే వస్తుంది."

"ఆ మధ్యలో ఏం చేస్తుంది?"

మా నాటకంలో ఆడవేషాలు కూడా మగవాళ్ళే కడతారు. అప్పచ్చన్ వయసులో ఉన్నప్పుడు పన్నెండేళ్ళు లుసీనాగా ఆడాడు. కాబట్టి ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"ఏం చేస్తుంది, బీడీ కాల్చుకుంటుంది. టీ తాగుతుంది. నేనైతే ఓ కునుకు కూడా తీసేవాణ్ణి."

పక్కనే కూర్చున్న పైలీ చేట్టన్ పడీ పడీ నవ్వాడు. పదిహేనేళ్ళుగా రాజు వేషం ఆయనదే. అప్పుడు టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన అమ్మచ్చి అంది: "నిద్రలో కిరీటం వంకర పోకుండా ఆ తలకాయ పట్టుకుని కూర్చున్నదాన్ని నేను. ఆ మాట కూడా చెప్పండి."

అమ్మచ్చి అంటే మా అమ్మ కర్మిలి. కొత్తవాళ్ళ ముందు ఆమె నోరు విప్పడం నేనదే మొదటిసారి చూడటం. శ్రీలేఖ చేచ్చి గ్లాసు అందుకుంటూ ఆమె వంక కాసేపు చూసింది. తర్వాత అప్పచ్చన్‌ని అడిగింది.

"మరి దీపం ఎందుకు పెట్టింది?"

"ఎవరు?"

"రాణి. ఓడ మాట అబద్ధం, సరే. దీపం వెలిగిన మాట నిజమేగా. ఎందుకు పెట్టింది?"

అప్పచ్చన్ గడ్డం గోక్కున్నాడు. "అది మా గురువు చెప్పలేదు. ఆయన గురువు రాయలేదు."

"రాజు అడగలేదా?"

"రాజు అడిగేస్తే ఇంక నాటకం ఎక్కడుంది చేచ్చీ?" అన్నాడు పైలీ చేట్టన్. "నాకు ముప్పావుగంట పని పోదూ!"

అందరూ నవ్వారు. అమ్మచ్చి మాత్రం ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె ఎందుకు నవ్వలేదో లంకలో పుట్టిన ఎవరికైనా తెలుసు. నేను పుట్టకముందు ఒక వేసవిలో అప్పచ్చన్ నాటకం కట్టుకుని నెలన్నర కొల్లం వైపు ఊళ్ళు తిరిగాడు. ఇంకా జెట్టీ మీద కాలు పెట్టాడో లేదో, మీ ఆవిడ మొన్న సాయంత్రం పడవలో ఎర్నాకుళం పోయింది, తెల్లారి మొదటి పడవకి వచ్చింది అని పడవవాడు చెప్పాడు. అప్పచ్చన్ ఎవర్నీ ఏమీ అడగలేదు. అమ్మచ్చిని తీసుకెళ్ళి పుట్టింట్లో దింపి వచ్చాడు. నాలుగు నెలలయ్యాక వెళ్ళి మళ్ళీ తెచ్చుకున్నాడు. "ఆశాన్ మనసు సముద్రం, క్షమించి ఏలుకున్నాడు" అని లంకంతా మెచ్చుకుంది. ఆ మెప్పుకోలు వింటూనే నేను పెరిగాను.

మా ఇంట్లో మాత్రం ఆ మాట ఎప్పుడూ రాలేదు. పన్నెండేళ్ళప్పుడు తల దువ్వించుకుంటూ ఉండబట్టలేక నేనే అడిగాను. "ఆ రోజు ఎక్కడికెళ్ళావ్ అమ్మచ్చీ?" జడ ఇంకాస్త బిగించి లాగి, "అడగాల్సింది నువ్వు కాదు జెసింతా" అంది. నాకు అప్పుడు అర్థమైంది. అమ్మచ్చి ఎదురు చూస్తోంది. చీరలూ నగలూ కాదు ఆమెకి కావలసింది, ఆ ఒక్క ప్రశ్న ఆయన నోటి నుంచి రావడం. అప్పటికే చాలా ఏళ్ళు గడిచాయి. ఆ సినిమావాళ్ళు వచ్చేనాటికి పద్దెనిమిది నిండాయి.

మే మొదట్లో సినిమావాళ్ళు సామాను పడవల్లో వేసుకుని దిగారు. రాణిని పడవలో తోసేసే ఘట్టం మా లంక దాటాక, కాయలు, అంటే మా ఉప్పుటేరు, సముద్రంలో కలిసే మొగ దగ్గర తీయాలి. జూన్‌లో వాన పడిందంటే మొగలో కెరటాలు లేస్తాయి, చిన్న పడవలు వెళ్ళవు. అంటే నెల రోజులు. ఆ ఘట్టంలో రాణి పాడటానికి పాత బాణీలో ఒక పాట కావాలంది శ్రీలేఖ చేచ్చి. పాత బాణీ కట్టగలిగినవాడు ఒక్క ఆశానే.

"అదెంత పని, రెండు రోజులు" అన్నాడు అప్పచ్చన్.

మూడో రోజు సాయంత్రం నోట్‌బుక్ తెచ్చి పాడి వినిపించాడు. బాణీ విని నా ఒళ్ళు జలదరించింది. శ్రీలేఖ చేచ్చి కూడా కళ్ళు మూసుకుని విన్నది. అంతా అయ్యాక మెల్లిగా అడిగింది.

"చివర్లో 'మన్నించు నాథా' అంటోంది. దేనికి ఆశానే?"

"అంటే... రాణి పాట అలాగే ముగియాలి."

"ఆమె తప్పేం చేసింది?"

"తప్పు చేయలేదు."

"మరి మన్నించమనడం దేనికి?"

"చావబోయే ముందు మన్నించమనాలి కదా మోళే, మర్యాద!"

పైలీ చేట్టన్ నా చెవిలో "ఇక మన ఆశాన్‌కి మూడు చెరువుల నీళ్ళే" అన్నాడు. అదే జరిగింది. రెండోసారి రాసినదాంట్లో రాణి తన తలరాతని తిట్టుకుంది. మూడోసారి రాజు పాదాలు తలచుకుంది. నాలుగోసారి మంత్రిని శపించి, ఆ వెంటనే అలవాటు కొద్దీ "మన్నించు నాథా" అంది. శ్రీలేఖ చేచ్చి ప్రతిసారీ ఓపిగ్గా అదే అడిగేది. దీపం ఎందుకు పెట్టింది ఆశానే? అది తెలిస్తే పాట దానంతటదే వస్తుంది.

"నలభై ఏళ్ళుగా ఈ నాటకం చూసి జనం ఏడుస్తున్నారు" అని విసుక్కున్నాడోసారి.

"రాజు కోసం" అందామె.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం సగంలో వదిలి లేచాడు. ఆయన కట్టిన చరణాన్ని వెనక్కి పంపినవాళ్ళు అంతవరకు ఎవరూ లేరు.

ఈలోగా రాణి వేషం వేసే సుమిత్రకి అడుగులు నేర్పడం ఇంకో బాధ అయింది. ఆ పని మా నాటకం కుర్రాళ్ళకి అప్పగించారు. వాళ్ళు ఆడవేషాల్లో నేర్చుకున్న నడక తప్ప వేరే నడక ఎరగరు. నడుం ఊపి, మెడ తిప్పి, మునివేళ్ళ మీద గెంతమంటారు. ఆ పిల్ల రెండు రోజులు ప్రయత్నించి మూడో రోజు మా వంటింటి వెనక నిలబడి ఏడ్చింది.

అమ్మచ్చి కొబ్బరి కోరుతున్నదల్లా లేచి వచ్చింది. "ఏ ఆడది నడుస్తుందమ్మా అలాగ? నాకైతే నవ్వొస్తుంది." చేతులు కొంగుకు తుడుచుకుని చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపింది. ఇసుకలో ఎడమ పాదం ఆనించి, కుడి మడమతో రెండుసార్లు తట్టి, ఒక్క గిరుక్కున తిరిగి ఆగింది. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. జన్మలో బల్లలెక్కని మనిషి. మా లంకలో ఆడది బల్లలెక్కదు.

"ఎలా వచ్చు చేచ్చీ మీకు?" అంది సుమిత్ర.

"ముప్పై ఏళ్ళు ఈ కిటికీలోంచి చూస్తున్నా. గోడకైనా వచ్చేస్తాయి."

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం పెరట్లోనే పాఠం. ఆ పిల్లకి అమ్మచ్చి మీద ప్రాణం. రోజుకో కొత్త అనుమానం తెచ్చేది. ఒకరోజు అడిగింది, "చేచ్చీ, రాణి ఒక్క మాటైనా ఎదురు చెప్పదేం? జరిగింది చెప్పేస్తే సరిపోయేదిగా."

"అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. అడగందే చెప్పడానికి ఆవిడకేం ఖర్మ? రాణి కదా." అమ్మచ్చి నవ్వుతూనే అంది ఆ మాట. తర్వాత నవ్వు తగ్గించి, "అడగకుండానే చెప్పుకుంటే అది సంజాయిషీ అవుతుంది మోళే. తప్పు చేసినవాళ్ళు కదా సంజాయిషీ చెప్పుకోవాలి" అంది.

అరుగు మీద అప్పచ్చన్ చింతపండుతో తాళాలు తోముతున్నాడు. ఆ రుద్దుతున్న చప్పుడు ఆగిపోయింది. నేను తొంగి చూశాను. తాళం ఒళ్ళో పెట్టుకుని కాయలు వైపు చూస్తూ కూర్చున్నాడు. మా అప్పచ్చన్ చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే మూడు రాత్రులు నిద్రపోని మనిషి. అందుకే ఆయన్ని అలా చూడలేక తల వెనక్కి తీసుకున్నాను. ఆ తర్వాత నాలుగైదు రోజులు నోట్‌బుక్ తెరిచి కూర్చోవడం, మూసేయడం, ఇంతే ఆయన పని. పైలీ చేట్టన్ వచ్చి "ఏదో ఒక కారణం రాసి పారేయండి ఆశానే, రాజు క్షేమం కోసం మొక్కుకుని పెట్టిందనండి" అని సలహా ఇచ్చాడు. అప్పచ్చన్ ఆయన మీద కసురుకున్నాడు. "తెలియని మాట ఎలా రాస్తాన్రా?"

మే నెలాఖరుకి ఆకాశం నైరుతి మూలనుంచి నల్లబడటం మొదలైంది. ఇంకో రెండు రోజుల్లో తీయకపోతే ఇక మొగ దాటలేమని పడవవాళ్ళు చెప్పేశారు. పాట ఇంకా రాలేదు. శ్రీలేఖ చేచ్చి మాటల్లేకుండా వట్టి సముద్రం చప్పుడుతోనే తీసేస్తానంది. కోపంగా కాదు, జాలిగా అంది. అది ఇంకా పెద్ద దెబ్బ.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు నేనూ అమ్మచ్చీ పెరట్లో రొయ్యలు ఒలుస్తున్నాం. అప్పచ్చన్ వచ్చాడు. ఆయన పెరట్లోకి రావడమే వింత. వచ్చి గడప మీద కూర్చున్నాడు. చేతిలో నోట్‌బుక్, చెవి మీద పెన్సిల్.

"దీపం ఎందుకు పెట్టి ఉంటుందంటావ్?"

అమ్మచ్చి తలెత్తలేదు. "ఎవరు?"

"లుసీనా."

"లుసీనా సంగతి నాకేం తెలుసు? నేనెప్పుడైనా రాణినయ్యానా? పన్నెండేళ్ళు మీరే కదా రాణి."

ఆయన లేచాడు. రెండడుగులు వేశాడు. వెళ్ళిపోతున్నాడనుకున్నాను. మళ్ళీ వచ్చి అదే గడప మీద కూర్చుని నోట్‌బుక్ పక్కన పెట్టాడు.

"నువ్వు ఆ రోజు ఎక్కడికెళ్ళావ్?"

నా చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది. అమ్మచ్చి మాత్రం తన చేతిలోదాని తల తుంచింది, పెంకు లాగింది, నల్లటి నరం తీసి పడేసింది, గిన్నెలో వేసింది. ఇంకోటి అందుకుంది.

"సినిమాకి."

"సినిమాకా?"

"ఆ."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే. మీరు నెలన్నర ఊళ్ళు తిరుగుతూ జనానికి ఆట చూపిస్తున్నారు. నాకూ ఏదో ఒకటి చూడాలనిపించింది. మా మేనత్త ఆన్నమ్మాయి తోడు వస్తానని రాలేదు. టికెట్ కొనుక్కుని వెళ్ళి కూర్చున్నా."

అప్పచ్చన్ గొంతు సవరించుకున్నాడు. "మంచి సినిమాయేనా?"

"ఏమో. సగమే చూశా. తొమ్మిదింటి ఆఖరి పడవ అందదేమోనని లేచి వచ్చేశా. పరిగెత్తాను కూడా. జెట్టీకి వచ్చేసరికి పడవ మలుపు తిరిగిపోతోంది. మఠంలో తలుపు కొడితే సిస్టర్లు పడుకోనిచ్చారు. సిస్టర్ ఫ్రాన్సిస్కా అని, కంజి కూడా పోసింది. పోయింది పాపం, ఆరేళ్ళయింది. అప్పుడే వెళ్ళి అడిగుంటే ఆవిడే చెప్పేది."

గిన్నె చుట్టూ కాకులు చేరుతుంటే నేను అదిలించాను.

"నువ్వైనా ఎందుకు చెప్పలేదు?" అన్నాడాయన. గొంతు బాగా తగ్గిపోయింది.

"ఎప్పుడు చెప్పను? మా ఇంట్లో దింపేటప్పుడు మీరు పడవ కూడా దిగలేదు. నాలుగు నెలల తర్వాత గుమ్మంలో నిలబడి 'పద' అన్నారు. 'పద' అంటే రావడమే జవాబు. వచ్చాను." రొయ్య గిన్నెలో వేసింది. "ఊరంతా క్షమించాడు, క్షమించాడు అంది. మీరు కాదనలేదు. అదొక్కటీ కాస్త కష్టమైంది."

అప్పచ్చన్ గడప దిగి మా పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఏం చేయాలో తోచక కుప్పలోంచి ఒక రొయ్య తీసుకుని ఒలవడం మొదలుపెట్టాడు. జన్మలో ఒలిచి ఎరగడు. తల పక్కకి, ఒళ్ళు ముక్కలుగా వచ్చింది. "తప్పు నాది కర్మిలీ" అన్నాడు ఆ ముక్కల్ని చూస్తూ. కళ్ళ నీళ్ళు కారిపోతుంటే అదే చేత్తో తుడుచుకున్నాడు. భగ్గున మండి ఇంకా ధారగా కారాయి.

"అయ్యో రాత, రొయ్యల చేత్తోనా?" అమ్మచ్చి గబుక్కున లేచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన తల వెనక్కి వంచి పట్టుకుని కళ్ళు కడిగింది. కడుగుతూ తను కూడా ఏడుస్తోంది. నేను రొయ్యల గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. పిల్లలు ఉండాల్సిన చోటు కాదది.

మధ్యాహ్నం భోజనం వేళకి పాట అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే అందరం పడవల్లో మొగ దగ్గరికి వెళ్ళాం. సుమిత్ర ఎర్రటి అంగీలో తెడ్లు లేని పడవలో నిలబడింది. అప్పచ్చన్ ఇంకో పడవలో తాళాలు పట్టుకుని కూర్చున్నాడు, పక్కన అమ్మచ్చిని కూర్చోబెట్టుకున్నాడు. మొదలుపెట్టే ముందు పైలీ చేట్టన్ ఊరుకోకుండా అరిచాడు, "ఇంతకీ దీపం సంగతి తేలిందా ఆశానే?"

"తేలింది. ఇంకోటి కూడా తేలింది" అన్నాడు అప్పచ్చన్ అన్ని పడవలకీ వినపడేలా, బల్లల దగ్గరి గొంతుతో. "మా ఆవిడ ఆ రోజు సినిమాకెళ్ళింది. నేను అడగలేదు. క్షమించాల్సినవాణ్ణి నేను కాదు. ఈ మాట లంకలో చెప్పండి."

పైలీ చేట్టన్ తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన్ని అలా చూడటం కూడా నాకదే మొదలు. తర్వాత అప్పచ్చన్ తాళం వేశాడు, పాడాడు.

*దీపమేల పెట్టితివని అడుగలేదు నీవు,*
*పడవ కట్టమంటివి గాని పలుకలేదు నీవు.*
*నన్ను నేను చూచుకొనగ వెలిగించితి రాజా,*
*అడిగితే ఆ ఒక్కమాట చెప్పకుందునా రాజా.*

రాణి పడవ మెల్లగా మొగ దాటింది. మా పడవల్లో ఉన్న పెద్దవాళ్ళు ఆ రోజు మొదటిసారి లుసీనా కోసం ముక్కులు చీదారు. శ్రీలేఖ చేచ్చి చాలాసేపటిదాకా ఆపమని చెప్పడం మర్చిపోయింది. మేం ఒడ్డుకి వచ్చేసరికి మొదటి వాన పట్టుకుంది.

ఆ సినిమా క్రిస్మస్ ముందు వచ్చింది. ఎర్నాకుళంలో సాయంత్రం ఆటకి మా లంకవాళ్ళు నలభై మందిదాకా వెళ్ళారు. అప్పచ్చన్, అమ్మచ్చి, నేను ఒకే వరసలో కూర్చున్నాం. సినిమా పొడుగైంది. లుసీనా ఇంకా పడవలోనే ఉంది, మావాళ్ళంతా వాచీలు చూసుకోసాగారు. తొమ్మిదింటి పడవ. ఒకరి తర్వాత ఒకరు వంగి వంగి లేచి తలుపు వైపు నడుస్తున్నారు. పైలీ చేట్టన్ కూడా "ఆశానే, పడవ" అని గుసగుసగా పిలిచి వెళ్ళిపోయాడు.

అమ్మచ్చి కొంగు సర్దుకుని లేచింది. అప్పచ్చన్ తెర మీంచి చూపు తిప్పకుండానే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"కూర్చో కర్మిలీ. పడవ పోతే పోనీ. చివరిదాకా చూద్దాం."

అమ్మచ్చి కూర్చుంది.